గోడ మీద పట్టని వాక్యం

ఆవిడ చదివింది ఫిజియోథెరపీ. బయట బోర్డు మీద ఉన్నది పొడుగాటి డిగ్రీ. జనం నోట్లో ఉన్నది మాత్రం సూదులమ్మ. ఆ పేరు వింటే ఆవిడ తల్లికి ఒళ్ళు మండేది. క్లినిక్కు ముందుగదిలో బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేది ఆ తల్లే. ముప్ఫై ఏళ్ళు ఏదో ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన మనిషి, కాగితం మీద లేనిది లోకంలోనే లేదనుకునే రకం. ఎవరైనా గుమ్మంలో నిలబడి "సూదులమ్మ ఉందాండీ?" అంటే కళ్ళజోడు మీదుగా ఎగాదిగా చూసి, "సూదులమ్మ లోపలుంది, దారాలమ్మని నేను. ఏం కుట్టాలో చెప్పండి" అనేది. కూతురు లోపలనుంచి విని నవ్వుకునేది. నొప్పి తగ్గించే చేతికి ఏ పేరైతేనేం అనుకునే రోజులవి.

సూదులంటే మందు ఎక్కించే సూదులు కావు. వెంట్రుక మందాన ఉంటాయి, లోపల ఏమీ ఉండదు. మెడలోనో భుజంలోనో పిక్కలోనో కండరం గట్టిపడి ముడి కట్టుకుపోతుందే, వేలు పెడితే ప్రాణం జివ్వుమంటుందే, సరిగ్గా ఆ ముడిలో గుచ్చాలి. కండరం ఒక్కసారి టక్కున ఎగురుతుంది, ఆ తర్వాత వదులవుతుంది. డ్రై నీడ్లింగ్ అంటారు దాన్ని. నెలల తరబడి చెయ్యి ఎత్తలేనివాళ్ళు బల్ల దిగి, చెయ్యి ఎత్తి చూసుకుని, దించి, మళ్ళీ ఎత్తి, "దీని దుంపతెగ, పోయిందే!" అని ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆ మాట వినడం కోసమే ఆవిడ పొద్దున్నే తాళం తీసేది అంటే అబద్ధం కాదు.

అలాంటి చేతికి భయం పట్టుకున్నది ఒక కండక్టరు పిక్క వల్ల. రిటైరైన బస్సు కండక్టరు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే "బీపీ బిళ్ళ ఒక్కటే తల్లీ" అన్నాడు. రక్తం పలచబడే బిళ్ళ కూడా వేసుకుంటున్నానని చెప్పలేదు. ఆవిడ పిక్కలో లోతుగా సూది వేసింది. మర్నాటికి కాలు వాచి నల్లబడింది, లోపల రక్తం కారి గడ్డకట్టింది. మూడు వారాల్లో కాలు మామూలైపోయింది. కానీ అతని కొడుకులిద్దరూ వచ్చి ముందుగదిలో చేసిన రభస మాత్రం ఆవిడ చెవుల్లోంచి పోలేదు. పదిమంది పేషెంట్ల ముందు "చేతకానప్పుడు ఈ దుకాణం ఎందుకు పెట్టావమ్మా?" అన్నారు.

అప్పుడు ఒక నిర్ణయం తీసుకుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళెవరికీ ఇక సూది వేయకూడదని. ఎవరికీ అంటే ఎవరికీ.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అసలు చేదంతా ఇక్కడే ఉంది. అలాంటివాళ్ళకు కూడా వేయొచ్చని ఆవిడకు తెలుసు. శిక్షణలో గురువు చెప్పాడు, ఆవిడే నోట్సులో గీత గీసి మరీ రాసుకుంది. లోతున, వేలితో నొక్కి పట్టుకోవడానికి అందని చోట వేయకూడదు. పైపైన ఉండే కండరమైతే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్షలో అంకె అదుపులో ఉంటే, మందిచ్చిన డాక్టరుకు ఒక మాట చెప్పి, సన్నటి సూది వేసి, తీశాక ఓపిగ్గా నొక్కిపెడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. అదంతా తెలుసు. కానీ ఒక్కొక్కరికీ డాక్టరుకు ఫోన్లు చేయడం, ఉత్తరం తెమ్మనడం, పరీక్ష కాగితం చూడటం, చివర ఐదు నిమిషాలు వేలు పెట్టుకుని నిలబడటం, ఇదంతా ఎవరు పడతారు? బయట బెంచీ మీద పదిమంది కూర్చుని ఉండగా? అందుకని అందరికీ కలిపి ఒకేసారి తలుపేసేసింది. దానికి పేషెంట్ల భద్రత అని పేరు పెట్టుకుంది.

ఆ మాట గోడ మీద రాయించడానికి పెయింటరును పిలిచింది.

పెయింటరంటే ఇప్పుడు ఇళ్ళకు రంగులేసే మనిషేగానీ ఒకప్పుడు ఆ వీధిలో ఏ కొట్టు పేరు చూసినా అతని చేతిదే. మిషను మీద అచ్చుగుద్దే బోర్డులు వచ్చాక ఎవరూ అక్షరాలు రాయించుకోవడం మానేశారు. పాపం, ఆయన బకెట్టూ నిచ్చెనా పట్టుకుని గోడలకీ కప్పులకీ రంగులేసుకుంటున్నాడు. అందుకే "అక్షరాలు రాయాలి" అనగానే పెళ్ళికి పిలిచినట్టు మురిసిపోతూ వచ్చాడు. చొక్కా మడిచి, తలుపుకీ స్విచ్చిబోర్డుకీ మధ్య జానలతో కొలిచి, ఆవిడిచ్చిన కాగితం చదువుకున్నాడు. కాగితంలో రెండు వాక్యాలున్నాయి. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఇక్కడ సూదులు వేయబడవు. సూదుల కోసం ఆ మందులను మీ అంతట మీరు మానవద్దు.

"రెండూ పట్టవమ్మా" అన్నాడు.

"ఎందుకు పట్టవు? చిన్నగా రాయండి."

"చిన్నగా అంటే చీమల బారులా ఉంటుంది. మీ దగ్గరికొచ్చేది సగం మంది కళ్ళజోళ్ళవాళ్ళు. వాళ్ళకి ఆనాలా వద్దా?"

ముందుగదిలోంచి తల్లి కలగజేసుకుంది. "ఆ రెండోది నోటితో చెబుదువుగానిలేవే! నీ సూది కోసం ప్రాణాలు నిలబెట్టే మందు ఎవడు మానేస్తాడే? అంత వెర్రివాళ్ళెవరున్నారిక్కడ?"

ముగ్గురూ నవ్వారు. మొదటి వాక్యం ఒక్కటే, జానెడు జానెడు ఎర్రటి అక్షరాల్లో, ఒక పూటంతా కూర్చుని ముత్యాల్లా రాశాడు. అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసుకుని, "పదేళ్ళు చెక్కు చెదరదు" అన్నాడు.

రెండో వాక్యం ఆవిడ మొదటి ఏడాదంతా నోటితో చెప్పింది. రెండో ఏడాది గుర్తొచ్చినప్పుడు చెప్పింది. ఆ తర్వాత గోడ చెబుతోందిగా అనుకుని ఊరుకుంది. గోడ చెప్పేది సగమేనన్న సంగతి ఆవిడకు తట్టలేదు. తట్టలేదని ఎలా అనగలం, తట్టించుకోలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు పెయింటరే పేషెంటుగా వచ్చాడు. కుడి భుజం. ఇరవై ఏళ్ళు కప్పులకు రంగులేస్తూ చెయ్యి పైకి పెట్టి పెట్టి, మెడనుంచి భుజం దాకా కండరం రాయిలా బిగుసుకుపోయింది. బ్రష్షు ఎత్తితే కళ్ళవెంట నీళ్ళు. ఎవరిదో బడి, పన్నెండు గదుల కప్పులు ఒప్పుకున్నాడు. రెండు గదులకే చెయ్యి మొరాయించింది.

"చెయ్యి పోతే నా బతుకు పోయినట్టేనమ్మా. ఎడంచేత్తో నాకు గీత గీయడం కూడా రాదు" అన్నాడు.

ఆవిడ కాగితం తీసి మామూలు ప్రశ్నలన్నీ అడిగింది. షుగరు? లేదు. బీపీ? కొంచెం. సూదులంటే భయమా? "నా భార్యకున్నంత లేదు." గుండె జబ్బేమైనా?

"పోయినేడు దడగా ఉందని పెద్దాసుపత్రిలో చూపించుకున్నా. గుండె లయ తప్పి కొట్టుకుంటోందన్నారు. ఇప్పుడేం లేదమ్మా, బానే ఉంది."

"రక్తం పలచబడే మందులు?"

"అబ్బే, వాడటం లేదు" అన్నాడు. అంటూ తను రాసిన గోడ వైపు ఒక చూపు చూశాడు.

అబద్ధం చెప్పలేదు మహానుభావుడు. ఆరు రోజుల క్రితమే మానేశాడు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ తలకు చేరకుండా ఉండటానికి ఇచ్చిన మాత్ర అది. దాన్ని వేసుకుంటే ఏమీ తెలియదు, మానేస్తే ఏమీ తెలియదు. భుజం మాత్రం రోజంతా తెలుస్తూనే ఉంటుంది. ఆయన దృష్టిలో ఆ లెక్క అక్కడికి సరిపోయింది. పెద్దాసుపత్రికి వెళ్ళి అడగాలంటే తెల్లవారుతూనే వరసలో నిలబడితే మధ్యాహ్నానికి డాక్టరు మొహం కనిపిస్తుంది. సూదులమ్మ దగ్గరి నియమం ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు, అక్షరం అక్షరం ఆయన చేతిదే.

మరి గుండె లయ తప్పిందన్న మనిషికి ఆ మాత్ర ఎందుకు లేదని ఆవిడకు అనుమానం రావద్దూ? వచ్చింది. ఒక్క క్షణం పెన్ను ఆగింది. బయట బెంచీ మీద ఎవరో దగ్గారు, తల్లి ఎవరినో "కూర్చోండి కూర్చోండి, ప్రాణాలేం పోవు" అంటోంది. ఆవిడ "లేదు" అని రాసి కాగితం తిప్పేసింది.

మొదటి వారం నాలుగు సూదులు. రెండో వారం ఐదు. మూడో వారానికి చెయ్యి చెవి దాకా లేచింది. ఆయన సంతోషం పట్టలేకపోయాడు. బల్ల మీద బోర్లా పడుకుని, సూదులు భుజంలో ఉండగానే కబుర్లు మొదలుపెట్టాడు.

"అసలు నేను ముందే వద్దామనుకున్నానమ్మా. మీ రూలు ఉందిగా. మాత్రలు మానేసి, ఒంట్లోంచి పోవడానికి ఓ వారం ఆగి వచ్చా."

ఆవిడ చేతిలో సూది ఉంది. "ఏం మాత్రలు?"

"అవే, రక్తం పలచబడేవి. మీ గోడ మీద ఉన్నవే."

"అయ్యో, ఎవరు మానమన్నారండీ?"

"ఎవరూ అనలేదు. నేను రాసిందేగా, నాకు తెలీదా?" అని దిండులోకి నవ్వాడు.

ఆవిడకు సంగతి అర్థమైంది. ఆ క్షణంలోనే సూదులన్నీ తీసేసి, ఆయన్ని లేపి కూర్చోబెట్టి, "ఇవాళే, ఇక్కణ్ణించి ఇటే ఆసుపత్రికి వెళ్ళండి" అనాలి. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టేదాకా వదలకూడదు. ఆవిడ అన్నది వేరు. "డాక్టరుగారిని ఓసారి కలవండి, సరేనా? అలా మానకూడదు" అంది. ఇంటికొచ్చి వెళ్ళేవాళ్ళతో జాగ్రత్తగా వెళ్ళండి అంటామే, ఆ గొంతుతో అంది. అంటూనే ఐదో సూది వేసింది. కండరం టక్కున ఎగిరింది. "భలే!" అన్నాడాయన. ఇంకొక్క వారం పూర్తయితే నయమైపోతుంది, ఆ తర్వాత గట్టిగా చెబుదాం అనుకుంది. నాలుగో వారం వచ్చినప్పుడు అడగడం మర్చిపోయింది. లేక, అడిగితే ఏం చెబుతాడోనని అడగలేదో. అది ఆవిడకే తెలియాలి.

ఆరో వారం ఒక పేషెంటు నోట విని తల్లి లోపలికి వచ్చింది. "ఏమే, మన పెయింటరుకి పక్షవాతమటే. మొన్న పొద్దున టీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయిందట. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయట, మాట కూడా లేదట!"

కుడి చెయ్యి. తల్లి కూతురి మొహం చూసి, తలుపు దగ్గరకు వేసి అడిగింది, "ఏం జరిగింది?" ఆవిడ చెప్పింది. తల్లిలోని టైపిస్టు మాట్లాడింది.

"డాక్టరుని కలవమని చెప్పావా లేదా?"

"చెప్పానమ్మా. చెప్పాను గానీ..."

"గానీ లేదు గీనీ లేదు. చెప్పావుగా? మరి కాగితంలో ఉందా?"

లేదు. తల్లి వెళ్ళి ఆయన కాగితం వెతికి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడ మూడో వారం తారీఖు పక్కన ఖాళీ చోటు చూసి, "మందులు సొంతంగా ఆపినట్టు చెప్పారు. వెంటనే డాక్టరును కలవవలసిందిగా గట్టిగా సూచించడమైనది" అని రాసింది. గట్టిగా అన్న మాట తను అననిది. అయినా రాసింది. ఆ కాగితం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళకపోతే ఎలా? మంచం పక్కన పెయింటరు భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. స్టూలు ఎదురుగా నిలబడి ఒక కుర్ర డాక్టరమ్మ కేకలేస్తోంది. "జీవితాంతం వేసుకోమని చెప్పి పంపితే మధ్యలో ఎలా మాన్పించారు మీరు? ఇంట్లో ఉండి ఏం చేస్తున్నారు?"

"నాకేం తెలుసమ్మా, వేసుకుంటున్నాడనే అనుకున్నా. నిన్న రంగుల పెట్టె తీసి చూస్తే బ్రష్షుల కింద అట్టలకి అట్టలు అలాగే ఉన్నాయి." అని పెయింటరు భార్య మొగుడి వైపు తిరిగింది. "ఎందుకు దాచావయ్యా? ఏం పోయేకాలం వచ్చింది నీకు? నా కొంప ముంచడానికి కాకపోతే!"

పెయింటరు మూతి ఒక పక్కకు లాగుకుపోయి ఉంది. సూదులమ్మను చూశాడు. చూసి ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. వచ్చిన ముక్క ఒక్కటే. "అదే... అదే..." ఎడమ చేయి గాల్లోకి లేపి ఏదో గీస్తున్నట్టు కదిపాడు. భార్య మంచినీళ్ళనుకుని గ్లాసు అందుకుంది. డాక్టరమ్మ దుప్పటి సర్దింది. ఆయన ఏం గీస్తున్నాడో ఆ గదిలో ఒక్క సూదులమ్మకే అర్థమైంది. చెప్పడానికి అదే సమయం. నా వల్లేనండీ అనడానికి నోరు తెరిచింది కూడా. డాక్టరమ్మ ఇటు తిరిగి "మీరెవరు?" అంది. "తెలిసినవాళ్ళం" అంది ఆవిడ. అంతే. తెచ్చిన పళ్ళు స్టూలు కింద పెట్టి, పెయింటరు భార్య చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండు అక్కా" అని వచ్చేసింది. ఆ వారంలోనే ఇంకెవరినో పిలిచి గోడకు తెల్లరంగు వేయించింది.

నాలుగు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం, పెయింటరు భార్య ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చింది. చచ్చుబడిన చెయ్యి బరువుకి భుజం లాగేసి, కండరాలు బిగుసుకుపోయి, చొక్కా తొడగాలన్నా ఆయన గిలగిలలాడుతున్నాడట. ఆసుపత్రి డాక్టరమ్మే ఉత్తరం రాసి పంపింది. మాత్రలు మళ్ళీ క్రమం తప్పకుండా వాడుతున్నారు, రక్తపరీక్షలో అంకె సరిగ్గా ఉంది, మెడ దగ్గరి పైకండరానికి జాగ్రత్తగా సూది వేయొచ్చు, మందులు మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

సూదులమ్మ ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. తల్లి గుమ్మంలో నిలబడి వద్దన్నట్టు తల ఆడిస్తోంది. "నువ్వెళ్ళమ్మా" అని తలుపు వేసింది.

కుర్చీలోనే కూర్చోబెట్టి చొక్కా జార్చింది. భుజం మీది కండరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, సూది ఊపిరితిత్తి వైపు పోకుండా పైకి లాగి పట్టుకుంది. తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా సన్నటి సూది తీసింది. పెయింటరు భార్య చేతిలో ఒక సంచి ఉంది. అందులోంచి చింపిన పాత దుప్పటి ముక్కలు తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

ముడి దొరికింది. కండరం ఎగిరింది. పెయింటరు "ఆ..." అని నిట్టూర్చాడు, మెడ ఒక పక్కకి వదులుగా వాలింది. సూది తీసి దూది పెట్టి ఆవిడ బొటనవేలితో నొక్కింది. కాసేపాగి ఎత్తి చూస్తే దూది మీద ఆవగింజంత ఎర్రటి చుక్క. మళ్ళీ నొక్కి పట్టుకుంది.

పెయింటరు భార్య ఒక కన్ను తెరిచింది. "అయిందా?"

"అయింది అక్కా. ఐదు నిమిషాలు ఇలా నొక్కి పట్టుకోవాలి."

"ఇంతేనా?" ఆవిడ రెండో కన్ను కూడా తెరిచి దూదిని చూసింది. "ఓసోస్! నేనింకా రక్తం కారి మడుగు కడుతుందేమోనని దుప్పటి చింపి తెచ్చా!" నవ్వింది. నవ్వుతూనే గుడ్డలు సంచిలో కుక్కడం మొదలుపెట్టి, మధ్యలో ఆగింది. "అంటే ఆ మాత్రలు వేసుకుంటూ కూడా ఇది చేయించుకోవచ్చన్నమాట."

"చేయించుకోవచ్చు. ఇలాంటి చోట, ఇలా జాగ్రత్తలు తీసుకుంటే."

"ఏమిటమ్మా, ఈమధ్యే కనిపెట్టారా ఈ పద్ధతి?"

ఎంత మంచి మనిషో చూడండి, జవాబు కూడా తనే అందించింది. అవునక్కా అంటే చాలు. ఒక్క ముక్క. ఈ జన్మకి ఇంకెవరూ ఏమీ అడగరు. సూదులమ్మకు అక్కణ్ణించి లేచి పోవాలనిపించింది. కానీ వేలు తీయకూడదు. గోడ గడియారంలో ఇంకా మూడు నిమిషాలున్నాయి.

"కాదక్కా" అంది. "ముందునుంచీ ఉన్నదే. నాకూ ముందునుంచీ తెలుసు."

"తెలిస్తే మరి ఈయన చేత ఆ గోడ మీద..."

"పని ఎక్కువని రాయించా. ఎవరైనా వచ్చి గొడవ చేస్తారని భయపడి రాయించా. మందులు మానొద్దని కూడా రాయాలి, చోటు లేదని వదిలేశాం. ఆయన మానేసింది దానికే. నాతో చెప్పారు కూడా. ఇక్కడే, ఈ బల్ల మీద పడుకుని చెప్పారు. నేను గట్టిగా చెప్పలేదక్కా. చెప్పి ఉంటే వినేవారు."

పెయింటరు భార్య సంచి కింద పెట్టింది. అరుస్తుందనుకుంది సూదులమ్మ. అరిస్తే బాగుండుననుకుంది. చెంప మీద కొట్టినా ఆనందంగా పడేదాన్ని అని తర్వాత తల్లితో చెప్పుకుని ఏడ్చింది. పెయింటరు భార్య అవేవీ చేయలేదు. భర్త మొహంలోకి వంగి చూసింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి లాగుకుపోయిన మూతి పక్కగా దిగుతున్నాయి.

"నాలుగు నెలలు" అందావిడ, మెల్లిగా. "నాలుగు నెలలనుంచి ఈయన్ని తిట్టని రోజు లేదు నేను. అన్నం పెడుతూ తిట్టా, స్నానం చేయిస్తూ తిట్టా. ఎందుకు దాచావు, ఎవరితో చెప్పి చచ్చావు, నా బతుకు ఇలా చేయడానికేనా అని. జవాబు చెప్పలేని మనిషిని పట్టుకుని, రోజూ."

"అక్కా..."

"మీరు చెయ్యి తీయండి."

"ఇంకా రెండు నిమిషాలు..."

"తీయండి. నేను నొక్కుతా."

సూదులమ్మ చెయ్యి తీసింది. పెయింటరు భార్య దూది మీద తన బొటనవేలు పెట్టి, రెండో చేత్తో ఆయన తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. రెండు నిమిషాలయ్యాక దూది ఎత్తి చూసింది. కొత్తగా ఏమీ లేదు. ముందు పడిపోయిన చెయ్యి, తర్వాత మంచి చెయ్యి చొక్కాలోకి ఎక్కించి, పైనుంచి కిందిదాకా బొత్తాలన్నీ పెట్టింది. కుర్చీ తలుపు వైపు తిప్పి ఆగింది.

"మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

సూదులమ్మకు వెంటనే అర్థం కాలేదు. "మళ్ళీ... నా దగ్గరికా?"

"ఇంకెక్కడికైనా పోదామంటే, ఈ చుట్టుపక్కల సూదులేసేది మీరొక్కరే" అంది పెయింటరు భార్య, మొహం చూడకుండా. "రోజు చెప్పండి."

"గురువారం" అంది సూదులమ్మ.